గోడ మీది అక్షరాలు

ఆర్టీవో ఆఫీసులో డ్రైవింగ్ లైసెన్సు రెన్యువల్‌కి చూపు పరీక్ష. తెరేసమ్మకి ముందున్నాయన ఎదురుగోడ వైపు చూసి, "ఇ, ఎఫ్, పి..." అంటూ గడగడా చదివేశాడు. ఆమెకి మాత్రం తెల్లటి గోడ తప్ప ఇంకేమీ కనపడలేదు.

"ఏం కనపడట్లేదండీ," అంది.

గుమాస్తా కంప్యూటర్ మీంచి తల ఎత్తలేదు. "చూపు మందగించింది. కళ్ళజోడు పెట్టించుకుని రండమ్మా."

తెరేసమ్మ కొండపల్లిలో స్కూటీ మీద ఇంటింటికీ తిరిగి టీకాలేసే నర్సు. బండి లేకపోతే పని సాగదు.

భవానీపురంలో కళ్ళ డాక్టరు, "మీ కళ్ళు దివ్యంగా ఉన్నాయమ్మా!" అన్నాడు. అయినా భయం తీరక, పవరు లేని అద్దాలే పెట్టించుకుని మళ్ళీ వచ్చి వరుసలో నిలబడింది.

ఈసారి గోడ దాకా వెళ్ళి చూసింది. ఖాళీ మేకు ఒకటుంది.

"చార్టు ఏదండీ?" అని వెనకాయన్ని అడిగింది.

"రంగులేసేటప్పుడు తీసేశారమ్మా. పరీక్ష మాత్రం ఆపలేదు. ముందువాళ్ళు ఏం చదివితే మనమూ అదే!"

తన వంతు రాగానే తెరేసమ్మ మేకు వైపు చూస్తూ, ఎక్కడా తడుముకోకుండా ఆఖరి వరుస దాకా చదివేసింది.

గుమాస్తా మొదటిసారి తల ఎత్తాడు.

"చూశారా, కళ్ళజోడు పెట్టుకుంటే ఎంత తేడానో!"