తేలని పుట్టగొడుగు

కొత్త పుట్టగొడుగు ఏది మొలిచినా ముందు కొరికి చూసి, తినొచ్చో లేదో అడవికి చెప్పే పని నత్తది. ఈ వానలకి ఎర్రవి మొలిచాయి. నత్త ఒకటి కొరికింది. కడుపులో తిప్పినట్టయింది. అయినా ఎవరికీ చెప్పలేదు.

కొన్నాళ్లకి కుందేలు వచ్చింది. దాని పిల్ల, నత్త వద్దనలేదు కదా అని ఆ ఎర్రది తిని చచ్చిపోయింది.

"నీకు ముందే తెలుసా, నత్తక్కా?"

"అనుమానమే, చెల్లీ. తేలాక చెబుదామనుకున్నా," అంది నత్త నీరసంగా. "నిరుడు నల్లది వద్దన్నాను, తర్వాత పర్లేదన్నాను. మాట మార్చానని అందరూ నోటికొచ్చినట్టు తిట్టారు. ఎన్నని పడను?" అంటూ గుల్లలోకి ముడుచుకుపోయింది.

కుందేలు ఆ గుల్ల ముందే కూలబడింది.

"ఇంకా తేలలేదన్న ఆ ఒక్క మాట చెప్పుంటే, నా చేత్తో బిడ్డకి పెట్టేదాన్నా అక్కా?"