అత్తగారి పూసలు

పోయిన అత్తగారి పూసలను కోడలు కొత్త తాడుకు గుచ్చుతోంది. "నీ కూతురి మెడలో ఇవి పడనివ్వనే" అని ఆవిడ ఊపిరున్నంత వరకూ అంటూనే ఉండేది. తెల్లారితే పిల్ల పుట్టినరోజు. దండ వేసి తీరాలని కోడలి పంతం.

తాడు ఒక కొసను కాలి బొటనవేలికి చుట్టుకుని, పూసకూ పూసకూ మధ్య ముడి వేస్తోంది. ఇల్లు మాటుమణిగింది. ఒక ముడి బిగించి చెయ్యి తీయగానే అది దానంతటదే వీడింది. పూస జారి, మూసి ఉన్న అత్తగారి గది వైపు దొర్లింది. తలుపుకు తగిలి ఆగాలి కదా, ఆగలేదు. లోపల దొర్లుతూ దొర్లుతూ, ఎవరో గుప్పిట పట్టినట్టు ఠక్కున ఆగింది.

కోడలు పీట ఈడ్చుకుని ఆ తలుపు ముందే కూర్చుంది.

"నా వంటకు వంక పెట్టారు, నడకకు వంక పెట్టారు. ఇప్పుడు ముడికి కూడానా అత్తయ్యా?"

తాడు రెండో కొస తలుపు కిందికి పాకింది. అవతలి నుంచి ఎవరో మెల్లగా లాగసాగారు.

కోడలు ఒక కాలు తలుపుకు తన్నిపెట్టి, తాడును చేతికి చుట్టుకుంది.

"పెద్దదానివని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. పిల్ల నగ జోలికొస్తే ఊరుకుంటానా? లాగవే, చూస్తా!"

తాడు తెగలేదు. ఇద్దరూ వదల్లేదు.