ఆకాశదీపం గడ

విశాఖలో ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా కాలనీ అసోసియేషన్ నెట్‌వర్కే దిక్కయిన రోజులవి. మిద్దె మీద గడ పాతి సొంత తీగ కడితే కాపలా డ్రోను కత్తిరించేసేది. ఏ నెట్‌వర్కూ లేకుండా ఊరూరితో మాట్లాడే హామ్ రేడియో పిచ్చి ఉన్న హైమవతి, కార్తీకమాసంలో ఆకాశదీపం కట్టిన వెదురుగడకే తన యాంటెన్నా తీగ చుట్టింది. దీపం జోలికి రావడానికి అసోసియేషన్‌కి ధైర్యం చాలలేదు. నెల వెళ్లిన మర్నాడే గడ ఊడింది, తీగ ముక్కలైంది.

ఆ వారమే తుఫాను నెట్‌వర్కును పడగొట్టింది. వాన వెలిశాక అసోసియేషన్ ప్రెసిడెంటు సత్తిరాజు ఆమె గుమ్మంలో నిలబడ్డాడు.

"మా అమ్మాయి కాకినాడ ఆస్పత్రిలో ఉందండి, నెలలు నిండాయి. ఎలా ఉందో కాస్త కనుక్కోరా?"

హైమవతికి అరికాలి మంట నెత్తికెక్కింది. "తీగ కోయించినప్పుడు అమ్మాయి గుర్తు రాలేదా?"

"రూల్సండీ..."

"మిద్దె మీద గడ పాతకూడదనేగా మీ రూలు? మనిషి పట్టుకుని నిలబడకూడదని లేదుగా?"

తీగ ముక్కలు మెలేసి గడకు చుట్టి, అది అతని చేతుల్లో పెట్టి, అతన్నీ రేడియోనూ మిద్దెక్కించింది. కాకినాడలో ఇంకో రేడియో పిచ్చాయన పలికి, ఆస్పత్రికెళ్లి కనుక్కొచ్చేసరికి మధ్యాహ్నమైంది. మనవరాలు పుట్టిందని విని సత్తిరాజు కళ్లు తుడుచుకోబోయాడు.

"గడ వదిలారంటే ఊరుకోను!" అని అరిచింది హైమవతి. "కాలనీ అంతా మెట్ల మీద వరసలో ఉంది!"