తలుపు తట్టే పాఠం

వకుళ కుక్కపిల్ల జున్నుకి దాదాపు అన్నీ వచ్చాయి. కూర్చోమంటే కూర్చుంటుంది. బాల్కనీలో సరుకుల డ్రోన్ దిగినా చెవి కదపదు. ఇల్లు తుడిచే యంత్రం వస్తే పక్కకి జరిగి దారి ఇస్తుంది. ఒక్క పాఠమే మిగిలింది: ఇంటికి మనిషి వస్తే మొరగకూడదు. మధురవాడలోని ఆ ఎత్తైన భవనంలో ఒకరింటికి ఒకరు వెళ్ళడం ఎప్పుడో మానేశారు. కుక్కపిల్ల కోసం మనిషిని ఎక్కణ్ణుంచి తేవాలో వకుళకి తోచలేదు.

చివరికి సిగ్గు చంపుకుని ఎదురింటి తలుపు తట్టింది. ఏళ్ళ తరబడి ఎదురెదురుగా ఉంటున్నా, ఆ ఇంటి పెద్దావిడ మొహం చూడటం అదే మొదలు.

"మా కుక్కపిల్లకి చుట్టాల్ని అలవాటు చెయ్యాలండీ. ఒక్కసారి మా ఇంటికొస్తారా?"

"దానికేటమ్మా, వస్తాను," అంది హైమావతమ్మ.

కలరా ఉండల వాసన వేస్తున్న పట్టుచీర కట్టుకుని, చేతిలో రెండు అరటిపళ్ళతో వచ్చింది. జున్ను ఇల్లెగిరిపోయేలా మొరిగింది, మధ్యలో తుమ్మింది. వకుళ కాఫీ పెట్టింది. ఇంట్లో రెండో కప్పు లేక తను గ్లాసులో తాగింది.

మర్నాడూ వచ్చిందావిడ, ఆ మర్నాడూ వచ్చింది. వారం తిరిగేసరికి జున్ను ఆవిడ అడుగుల చప్పుడు వింటూనే తోకాడించుకుంటూ ఎదురెళ్ళి, ఒళ్ళోకెక్కి పడుకోసాగింది.

"నేర్చేసుకుంది కదమ్మా," అంది హైమావతమ్మ, కప్పు కింద పెడుతూ. లేవలేదు.

ఆవిడ ఒళ్ళో గుర్రుపెడుతున్న జున్నుని వకుళ కాసేపు చూసింది.

"ఎక్కడండీ, ఉత్త మొద్దు ఇది. మీరు రేపు కూడా రావాలి."