బాయిలర్ చూపించావా తల్లీ?

"బాయిలర్ చూపించావా తల్లీ?"

తలుపు తీసేసరికి మళ్ళీ ఆయనే. రెండు వీధుల అవతల ఉండే ముసలి ప్రోసర్. చలికాలం మొదలైతే చాలు, స్వాన్సీ ఊళ్ళో అద్దె ఇళ్ళన్నీ తిరిగి, ఇల్లు వెచ్చబెట్టే గ్యాస్ బాయిలర్‌ని పరీక్ష చేయించారా అని అడిగి జనం ప్రాణం తీస్తాడు.

రియానన్‌కి ఒళ్ళు మండింది.

"ఇల్లు నాది కాదు, బాయిలర్ నాది కాదు. చూపించాల్సింది ఓనరు. వెళ్ళి ఆయన్నడుగు!"

"ఓనరు గ్యాస్ మనిషిని పంపాడుగా. నువ్వే తలుపు తియ్యలేదట."

నిజమే. ఎలా తీస్తుంది? ఈ ఇంట్లో జంతువుల్ని పెంచకూడదని ఒప్పందం. కూతురు కెరిస్ గోల పడలేక తెచ్చిన పిల్లి గ్యాస్ మనిషి కంటబడిందంటే ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందే. ఆ పసిదాన్ని వేసుకుని ఈ చలిలో ఎక్కడికి పోతుంది?

ఇంతలో ఆ పిల్లి రానే వచ్చి దర్జాగా కిటికీలో కూర్చుంది.

ప్రోసర్ గొంతు తగ్గించాడు. "గ్యాస్ మనిషి వచ్చే ఆ ఒక్కపూటా దాన్ని మా ఇంట్లో ఉంచుతాలే. ఎవరికీ చెప్పను. అతన్ని మాత్రం లోపలికి రానియ్యి."

"బెదిరిస్తున్నావా? ఓనరే పంపాడు కదూ నిన్ను? ఇంకోసారి గుమ్మం తొక్కావంటే పోలీసుల్ని పిలుస్తా!"

ఆయన కోటు జేబులోంచి చిన్న అలారం తీసి మెట్టు మీద పెట్టాడు.

"బాయిలర్ చెడి విషగాలి వస్తే ఇది అరుస్తుంది. దాని దగ్గరే పెట్టుకో తల్లీ."

పారేద్దామనుకుంది. బద్ధకమేసి బాయిలర్ పక్క అలమరలో పడేసింది.

క్రిస్మస్ ముందు ఒక పొద్దున అది కీచుమని అరిచింది. రియానన్‌కి కళ్ళు తిరుగుతున్నాయి. కెరిస్ ఎంత లేపినా లేవట్లేదు. పిల్లని భుజాన వేసుకుని, పడుతూ లేస్తూ బయటపడింది.

"ఇంకాస్త ఆలస్యమైతే పాప దక్కేది కాదు," అన్నాడు డాక్టరు.

రియానన్ సిగ్గుతో చచ్చిపోయింది. పాప కోలుకోగానే కేకు చేసి పట్టుకుని, క్షమించమని అడగడానికి ప్రోసర్ ఉండే చోటికి వెళ్ళింది. పక్క గది ఆవిడ తలుపు తీసింది.

"ఆయన పోయాడమ్మా. సాగనంపడానికి నేనూ పాస్టరూ తప్ప ఎవరూ రాలేదు."

రియానన్ మెట్ల మీదే కూలబడి భోరుమంది. "అయ్యో, ఎన్ని మాటలన్నాను! గ్యాస్ పని చేసేవాడా పాపం?"

"కాదమ్మా. జైలు నుంచి వచ్చాక ఉన్నదంతా అమ్మి ఆ అలారాలే కొన్నాడు."

"జైలా? ఆయనా?"

"బాయిలర్ చూపించమని కాళ్ళావేళ్ళా పడ్డ అమ్మాయి మాట పెడచెవిన పెట్టి, ఆమెనీ చంటిబిడ్డనీ నిద్రలోనే పొట్టన పెట్టుకున్న ఇంటి ఓనరు ఆయన."