కొత్త మడి

పార అంచు ఠంగుమంది. మనీవన్ చేతులు అక్కడే బిగుసుకుపోయాయి. రాతికి తగిలిన చప్పుడు కాదది.

"అత్తా," అని పిలిచింది.

ఖాంపెంగ్ వంటింట్లోంచి వచ్చి చూసింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "పార మళ్లీ ఎత్తకు. మెల్లగా పక్కన పడుకోబెట్టు. వెళ్లిన అడుగుల్లోనే అడుగులేసుకుంటూ వెనక్కి రా."

పదకొండు అడుగులు. గడప చేరేసరికి మనీవన్ చొక్కా చెమటతో తడిసి ముద్దయింది.

"అంతా ఏరేశారన్నావు కదత్తా?"

"మూలన ఒకటి మిగిలిందేమో. అయినా నన్నడక్కుండా తవ్వమని ఎవరు చెప్పారు నీకు?"

మనీవన్‌కు ఒళ్లుమండేది ఆ మాటకే. రాజధాని వియంటియాన్‌లో పుట్టి పెరిగిన పిల్ల. ఏడాది కిందట కోడలిగా వచ్చినప్పుడు పెరట్లో కాలు పెట్టాలంటేనే హడలిపోయేది. ఈ షియెంగ్‌ఖువాంగ్ నేలలో యుద్ధం నాటి బాంబులు పేలకుండా పడున్నాయని ఎవరికి తెలియదు? గుంజల మీద నిలబెట్టిన పాత బాంబు డొప్పలో మట్టి పోసి పెంచిన ఉల్లికాడలు కోయడమే ఆమెకు గొప్ప. "బాంబులు వెతికే మిషన్లవాళ్లొచ్చి పెరడంతా వెతికేశారే, నీకేం భయం లేదు" అని అత్త చెప్పాకే మట్టి ముట్టుకుంది. బొబ్బర్లు మొలకెత్తిన రోజు నుంచి ఆమెను ఆపేవాళ్లు లేకపోయారు. వంగ, మిరప, ఆవాకు... తెల్లారితే పెరట్లోనే. పుట్టింటి మీద బెంగ కూడా మరిచిపోయింది.

కొత్త మడి మాత్రం అత్తే తవ్వాలి. ఆ పూట కోడల్ని బజారుకు తరిమేది. "నీకు పార పట్టడం రాదు. నేను గుల్లచేశాక విత్తనాలు చల్లుకో." పెత్తనం పోతుందని ముసలిదాని దిగులు అనుకునేది మనీవన్. అందుకే ఇవాళ అత్త పొయ్యి దగ్గరుండగా పంతానికి తవ్వింది.

కబురందుకుని మధ్యాహ్నానికి మిషన్లవాళ్లు వచ్చారు. వాళ్ల పెద్ద సుదా, పెరట్లో ఎర్ర కర్రలు పాతి తిరిగొచ్చింది.

"బత్తాయంత గుండక్కా. రెండో దెబ్బ పడుంటే..."

మనీవన్‌కు ఏడుపు ముంచుకొచ్చింది. "తప్పు మీదే. అప్పుడు పెరడంతా వెతికినవాళ్లు ఆ మూల ఎలా వదిలేశారు?"

సుదా తన కాగితాలు తిరగేసింది. ఖాంపెంగ్ తల దించుకుంది.

"ఈ ఇంటికి మేం రావడం ఇదే మొదటిసారక్కా."