రాణి ఎందుకేడ్చింది?

అడవి అంచున పాడుబడిన గ్రంథాలయంలో ఒక ఉడుత కాపురముండేది. వానలు పడేలోగా బీరువాలోని పాత కావ్యాలన్నీ చదివేస్తానని అడవంతా చాటుకుంది.

పొరుగు చిలుక రోజూ వచ్చి, “ఎన్నయ్యాయి వదినా?” అని ఆరా తీసేది. మాట పోతుందన్న భయంతో ఉడుత గబగబా పేజీలు తిప్పేసేది.

ఒకనాడు కథలో రాణి ఏడుస్తూ పడవెక్కి వెళ్లిపోయింది. ఎందుకేడ్చిందో ఉడుతకు అంతుపట్టలేదు. తెలుసుకోకుండా ఉండలేక, మళ్లీ మొదటి పేజీ తీసి నెమ్మదిగా చదివింది.

తొలకరి పడింది. చిలుక రానే వచ్చింది. “అన్నీ అయ్యాయా?”

“ఒక్కటే అయింది వదినా. కానీ ఆ రాణి ఎందుకేడ్చిందో ఇప్పుడు నాకు తెలుసు.”

పకపకా నవ్వబోయిన చిలుక ఆగిపోయింది. రెక్కలు ముడుచుకుని, దగ్గరికి జరిగి, “ఎందుకేడ్చిందట?” అంది.